రవాణా సలహాదారుగా కాటన్ దొర

(రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున రవాణాను గూర్చిన ప్రసంగమేల యని కొందఱకు తోపవచ్చును. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్ర యెఱిగినవారికి ఆ సందేహము కలుగదు. 1935వ సంవత్సరమున పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలములో ఒక పడవను గ్రంథాలయముగా మార్చి, పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువగట్టున నున్న గ్రామములకు పుస్తకములు అందజేయు ఏర్పాటు గావించిరి. చదువరి గ్రంథాలయమునకు పోలేని చోట గ్రంథాలయమే చదువరి యూరికి పడవపై వచ్చెను. ఆ కాలువ పొలములకు నీరు పాఱించుటకు మాత్రమే త్రవ్వబడియుండినచో ఆ పడవ నడచుటకు వీలుండెడిది కాదు. ఒక్క కాలువయే పొలమునకు నీరును, పడవకు త్రోవయు నీయవలెనను పద్ధతి గోదావరి, కృష్ణా డెల్టాలలో స్థిరపడుటకు ముఖ్యకారకుడు సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ దొర పేరెఱుగని యిల్లు గోదావరి జిల్లాలలో లేదు. ఆనకట్ట కట్టిన మహనీయుడుగా ఆయనకు విగ్రహములు నిలిపి ప్రజలు గౌరవించుచున్నారు. అయితే ఆయన జీవితములో మఱియొక భాగము అంతగా ప్రచారములోనికి రాలేదు. దేశమునకు ఏవిధమైన రవాణా తగును, దానికి ధనము ఎచ్చటనుండి తేవలెను, నష్టము వచ్చినచో దానిని ఎవరు భరింపవలెను అను మూడు ప్రశ్నలపై ఆయన తన ఏబదవ యేడు దాటినది మొదలు డెబ్బదియైదవ యేటి వఱకును ప్రభుత్వమునకు సలహాలిచ్చెను, గ్రంథములు వ్రాసెను, పార్లమెంటు సంఘముల యెదుట సాక్ష్యము చెప్పెను. ఆ వాదములో ఆయన ఓడిపోయెను. ఓడిన సలహాదారుని చరిత్రను చదువుటవలన ఒక ప్రయోజనము కలదు. నెగ్గినవారి లెక్కలలో మఱుగుపడిన విషయములు అందు కనబడును. ఆ సలహాదారుని పొరపాట్లును అందే కనబడును.

కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబు సైనిక విద్యాలయమున చదివి, 1821లో మదరాసు చేరెను. అప్పటికి ఆయన వయస్సు 18 సంవత్సరములు. తొలుత ఆయనకు అప్పగింపబడిన పనులలో నొకటి పాంబను జలమార్గపు సర్వే. రామేశ్వర ద్వీపమునకును భూభాగమునకును నడుమనున్న ఆ యిఱుకు త్రోవను లోతుచేసినచో తీరపు ఓడలు సింహళమును చుట్టి రానక్కఱలేకుండ పోవును. ఈ విధముగా ఆయన ఉద్యోగ జీవితము నీటిత్రోవల లెక్కతోనే ఆరంభమైనది.

తరువాత కావేరీ మండలమున పనిచేసి, 1836లో కొల్లడము నదిపై ఆనకట్టలు నిర్మించెను. లోతు తెలియని యిసుకలో రాతికట్టడమును నిలుపు విద్యను తాను ప్రాచీన భారతీయ శిల్పుల కట్టడములను చూచి నేర్చుకొంటినని ఆయన దాచక చెప్పుకొనెను. ఆ కాలముననే, 1837 ప్రాంతమున, మదరాసునకు సమీపమున రెడ్ హిల్స్ నుండి చింతాద్రిపేట వైపునకు రోడ్లకు వలయు రాయిని చేరవేయుటకై ఇనుపపట్టాల మార్గమొకటి వేయబడినది. దానిని నిర్మించిన ఇంజనీరు కాటన్. బొంబాయి, ఠాణాల నడుమ 1853లో రైలు నడచుటకు పదునైదేండ్లకు పైగా ముందు జరిగిన సంగతి యిది. అనంతరకాలమున ఆయన రైళ్ళకు ప్రతికూలముగా వాదించినది రైలు నెఱుగకపోవుటచేత కాదనుటకు ఈ యొక్క నిదర్శనము చాలును.

ఆరోగ్యము చెడి కొంతకాలము టాస్మేనియాలో గడపి వచ్చిన తరువాత ఆయన గోదావరీ ప్రాంతమునకు వచ్చెను. అప్పటి డెల్టా నేటి డెల్టా వంటిది కాదు. నందన సంవత్సరపు కరువు, అనగా 1832-33 నాటి డొక్కల కరువు, కృష్ణా గోదావరీ ప్రాంతములను పాడుచేసియుండెను. 1839లో కోరంగి తీరమున ఘోరమైన తుపాను వచ్చెను. ఊళ్ళు తగ్గి, జనసంఖ్య క్షీణించి, శిస్తు పడిపోయెను. దేశములోకెల్ల పెద్ద నదులలో నొకటి ఊరిప్రక్కన ప్రవహించుచుండగా జనులు నీరు లేక, తిండి లేక చచ్చుట కాటన్‌కు సహింపరానిదిగా తోచెను. 1844, 1845 సంవత్సరములలో ఆయన పంపిన నివేదికలను పై ప్రభుత్వము అంగీకరించెను. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసెను.

ధవళేశ్వరమువద్ద లంకలతో కూడిన నది వెడల్పు సుమారు నాలుగు మైళ్ళు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట కట్టబడినది. ధవళేశ్వరపు కొండరాయిని పట్టాలపై బండ్లలో నదియొడ్డునకు చేర్చిరి. వేలకొలది కూలీలను సమకూర్చి పని నడిపించుటలో వీణెం వీరన్నగారు చూపిన సామర్థ్యమును ఆ ప్రాంతపు వారు నేటికిని చెప్పుకొందురు. నదీశాఖను దాటి నగరపు లంకకు నీరు తీసికొనిపోవుటకై గన్నవరమువద్ద 49 ఖానాల అక్విడక్టు కట్టిరి. కృష్ణకు బెజవాడవద్ద ఆనకట్ట 1852లో ఆరంభమై 1855 నాటికి సిద్ధమైనది.

ఈ కథలో ఆనకట్టను గూర్చి అందఱును చెప్పుదురు. లాకులను గూర్చి చెప్పువారు తక్కువ. పొలమునకు నీరు పోవలెనన్న కాలువకు వాలు కావలెను. పడవ ఎదురెక్కవలెనన్న నీరు నిమ్మళముగా నుండవలెను. ఈ రెండింటికిని పొందిక కుదుర్చునది లాకు. కాలువ పల్లమునకు దిగుచోట రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని నింపియో వదలియో, మెట్టెక్కించినట్లు ఎక్కింతురు, మెట్టు దింపినట్లు దింపుదురు. కాటన్ డెల్టాలోని పెద్దకాలువలను ఈ విధముగా పడవలు నడచునట్లు త్రవ్వించెను. లాకులకు అదనముగా వ్యయమగునని ఎఱిగియు ఆ నియమమును విడువలేదు.

దాని ఫలము క్రమముగా కనబడినది. కాకినాడనుండి ధవళేశ్వరమునకు, గోదావరి దాటి ఏలూరు కాలువమీద బెజవాడకు, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువమీద పెదగంజామునకు, అచటినుండి బకింగుహాము కాలువమీద మదరాసునకు పడవ పోవుటకు వీలు కలిగెను. బకింగుహాము కాలువలో మదరాసు పట్టణమందలి కొఱవడిన భాగమును 1877-78లో కరువుపనిగా త్రవ్వి కలిపిరి. ఈ జలమార్గమంతయు కలిసి 600 కిలోమీటర్లకు పైబడినది. ధాన్యము, ఉప్పు, కొబ్బరికాయలు, పొగాకు, కలప, వంటచెఱకు దీనిపై పోయినవి. రహదారీ పడవలలో జనులు ప్రయాణించిరి. గాలి అనుకూలించినచో తెరచాప, లేనిచో గట్టున త్రాడు లాగు మనుష్యులు. అందులో వేగము లేదు; కాని బస్తాకు పడు కూలి స్వల్పము.

ఆ స్వల్పమే కాటన్ సిద్ధాంతమునకు మూలము. ఒక బస్తా ధాన్యము పండినచోట 4 రూపాయలకు దొరకుచున్నదనుకొనుడు. దానిని కరువు ప్రాంతమునకు చేర్చుటకు బండికూలి 2 రూపాయలైనచో తినువాడు 6 రూపాయలు పెట్టవలెను. లేదా పండించినవాడు 2 రూపాయలకే అమ్ముకొనవలెను. పట్టుబట్టకు, నీలిమందునకు ఎంత కూలి యైనను చెల్లును. వాని విలువ యధికము. ధాన్యమునకు, ఉప్పునకు, రాయికి, కట్టెలకు చెల్లదు. పేదవాని సరుకు బరువైనది, వెల తక్కువది. కనుక దేశములో రవాణా మంచిదో చెడ్డదో నిర్ణయించుటకు గంటకు ఎన్ని మైళ్ళు పోవునని యడుగుటకు ముందు, బరువైన చవుక సరుకును ఎంత కూలికి మోయునని యడుగవలెనని ఆయన వాదము. మంచి బాటమీద ఒక టన్ను లాగు గుఱ్ఱము నిలుకడ నీటిలో సుమారు 30 టన్నుల పడవను లాగగలదను లెక్క అప్పటి ఇంజనీర్లందఱును ఎఱిగినదే. 1854లో ప్రకటించిన భారతదేశపు పబ్లిక్ వర్క్సును గూర్చిన గ్రంథములో ఆయన ఈ వాదమును దేశమంతటికిని వర్తింపజేసెను.

సరిగా ఆ కాలముననే ప్రభుత్వము వేఱొక త్రోవ తొక్కినది. 1849లో రైలు కంపెనీలతో ఒడంబడికలు జరిగెను. 1853లో గవర్నరు జనరల్ డల్హౌసీ దేశమంతట ప్రధాన రైలుమార్గములు వేయవలెనని నిర్ణయపత్రము వ్రాసెను. ఆ ఒడంబడికల సారాంశమును గ్రామస్థులకు సులభముగా బోధపడునట్లు చెప్పవచ్చును. లండనులోని షేరుదారులు ధనము పెట్టుదురు. భూమి ఉచితముగా ఇండియా ప్రభుత్వము ఇచ్చును. గడువు 99 సంవత్సరములు. రైలుకు లాభము వచ్చినను రాకున్నను పెట్టిన ధనముపై సాధారణముగా నూటికి 5 చొప్పున వడ్డీ ముట్టును. రాబడి అందుకు చాలకున్న కొఱతను ఇండియా ఖజానా, అనగా రైతు కట్టిన శిస్తు, పూరించును. లాభము 5కు మించినచో ఆ మిగులును ప్రభుత్వమును కంపెనీయు పంచుకొనును.

ఈ ఏర్పాటులో ఖర్చు తగ్గింపవలెనను ఆతురత ఎవరికిని లేదు. ఎంత ఎక్కువ ఖర్చైన అంత ఎక్కువ మొత్తముపై 5 వంతుల వడ్డీ వచ్చును. కంపెనీల పనిని తనిఖీ చేయుటకు ప్రభుత్వము కన్సల్టింగు ఇంజనీర్లను నియమించెను. వారు పద్దులను చూడగలిగిరి, నకళ్ళను మార్పింపగలిగిరి. ఆ ఒడంబడికలోని స్వభావమును మాత్రము మార్పలేకపోయిరి. మైలుకు సుమారు 8,000 పౌన్లు పట్టునని డల్హౌసీ తలంపగా, తొలి మార్గములకు సుమారు 18,000 పౌన్లు పట్టినది. 1872లో పార్లమెంటు సంఘము యెదుట సాక్ష్యమిచ్చిన మాజీ ఆర్థిక సభ్యుడు మాసీ, వడ్డీకి పూచీ దొరకిన పిదప తన సొమ్ము ఇటుకలుగా మాఱినను హుగ్లీ నదిలో పడినను ఇంగ్లీషు ధనికునకు ఒకటే యని చెప్పెను. ఈ మాట రైళ్ళకు శత్రువైనవాడు చెప్పినది కాదు. ఖజానా తాళములు చేతిలో పెట్టుకొనినవాడు చెప్పినది.

కాటన్ ఈ పద్ధతిని తీవ్రముగా నిరసించెను. 1860లో ఉద్యోగము విరమించి స్వదేశము చేరిన తరువాత ఆయనకు 1861లో సర్ బిరుదము లభించెను. విశ్రాంతి తీసికొనుటకు బదులు సలహాదారుగాను, వాదిగాను ఆయన రెండవ జీవితము ఆరంభించెను. జాన్ బ్రైటు వంటి పార్లమెంటు సభ్యులును, ఫ్లారెన్స్ నైటింగేలు వంటి ప్రజాసేవకురాలును ఆయనను బలపఱచిరి.

న్యాయదృష్టితో చూచినచో రైళ్ళ పక్షమునను బలమైన కారణములు ఉండెను. ఉపఖండము అంతయు డెల్టా వంటి పల్లపు నేల కాదు. దక్కను పీఠభూమి ఎక్కుటకు కాలువకు లెక్కకు మిక్కిలి లాకులు కావలెను. వేసవిలో నదులు ఎండిపోవును. డెల్టాలలో సైతము మరమ్మతులకై యేటేట కొంతకాలము కాలువలు కట్టివేయవలసి వచ్చును. పైరునకు నీరు చాలని యెద్దడిలో పడవకు లోతు నిలిపి యుంచుట రైతునకు కంటగింపు. ఇంతియకాక, సామాన్య జనులు రైలెక్కుదురా యను సందేహము తొలిదినములలో పలువురకు కలిగెను. జనులు విరివిగా ఎక్కిరి. మూడవ తరగతి పెట్టెలలో తీర్థములకును, సంతలకును, పనులకును లక్షలకొలది జనులు ప్రయాణించి రైళ్ళకు ముఖ్యమైన రాబడి సమకూర్చిరి. బస్తా లెక్క బాగుగా వేసిన కాటన్, మనుష్యుని ప్రయాణేచ్ఛకు తగినంత విలువ కట్టలేదు.

ఆయన సలహానుండి పుట్టిన పనులు అన్నియు ఫలించినవను మాటయు సత్యము కాదు. ఆ విషయమును దాచినచో ఆయనకు గౌరవము కలుగదు. వినువారికి మేలును కలుగదు. గోదావరి పైభాగమున దుమ్ముగూడెము, ఇంచంపల్లి, దేవలమర్రి అనుచోట్ల రాళ్ళు అడ్డుపడి పడవలు పోవు వీలు లేదు. ఆ అడ్డంకులను దాటుటకు ఆనకట్టలును లాకులును కట్టి, బేరారు, నాగపురము ప్రాంతముల ప్రత్తిని గోదావరి వెంట సముద్రతీరమునకు తేవలెనని కాటన్ పథకము. పని కొంత జరిగెను. జ్వరములవలనను కూలీల కొఱతవలనను ఆలస్యమైనది. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపురము చేరెను. ప్రత్తి పడమటి త్రోవ పట్టినది. 1871లో ప్రభుత్వము ఆ పనిని విడిచిపెట్టెను. దుమ్ముగూడెము ఆనకట్ట ఆ ప్రయత్నమునకు గుర్తుగా మిగిలినది.

అంతకన్న ముఖ్యమైనది రాయలసీమలోని అనుభవము. తుంగభద్ర నీటిని సుంకేసులవద్ద మళ్ళించి, కర్నూలునుండి కడప వఱకు సుమారు 190 మైళ్ళ కాలువ త్రవ్వి, పంటకును పడవకును పనికివచ్చునట్లు చేయవలెనని కాటన్ ఆలోచననుండి మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టినది. ఈ కంపెనీకి ప్రభుత్వము 10 లక్షల పౌన్లపై నూటికి 5 చొప్పున వడ్డీకి పూచీ యిచ్చెను. రైలు కంపెనీలకు ఇచ్చిన పూచీ వంటిదే యీ పూచీయును. ఫలమును అట్లే యైనది. 1866 నాటికి ధనమంతయు వ్యయమైనది, కాలువ పూర్తికాలేదు. ప్రభుత్వము మఱి 6 లక్షల పౌన్లు అప్పిచ్చెను. 1871 ప్రాంతమున నీరు పాఱినది. అయితే నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు పండించుకొను రైతు, వాన కురిసిన యేట నీటితీరువ యిచ్చి తడి పెట్టుకొనుటకు ముందుకు రాలేదు. వరి పండించు గోదావరి రైతునకును, మెట్టపైరు పెట్టు కర్నూలు రైతునకును గల భేదమును లండనులోని పద్దులు గుర్తింపలేదు. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనివేసెను. నీరు పాఱినను పాఱకున్నను షేరుదారులకు మాత్రము వడ్డీ ముట్టుచునే యుండెను.

కాలువ మంచిదా, రైలు మంచిదా యను వాదములో మునిగి, నష్టము ఎవరి నెత్తిన పడునను ప్రశ్నను రెండు పక్షములవారును తమతమ పనుల విషయమున మఱచిరి. రైలు కంపెనీల పూచీలోని దోషమును కాటన్ వ్రేలుపెట్టి చూపెను. ఆ దోషమే తన ఆలోచనకు కట్టిన కంపెనీని తినివేయుచున్నప్పుడు కాలువల పక్షము అంత గట్టిగా గొంతెత్తలేదు. రైలు కంపెనీని చెడగొట్టిన ఒడంబడిక కాలువ కంపెనీని బాగుపఱచలేదు. అడుగున నున్న పని ఇనుపపట్టాయైనను నీటికాలువయైనను, సొమ్ము పెట్టినవానికి నష్టభయము లేనప్పుడు మేలుకొని కాపలా కాయువాడు ఉండడు. గోదావరి ఆనకట్టకు ఇట్టి పూచీ యేదియు లేదు. ప్రభుత్వము తన సొమ్మే పెట్టెను. పని సాగినకొలది ప్రతి రూపాయకును సంజాయిషీ చెప్పుకొనుచు, మంజూరులకై మొఱపెట్టుకొనుచు కాటన్ దానిని ముగించెను. ఆ యిబ్బందియే ఆ పనిని చవుకగా ముగియునట్లు చేసినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

1876లో ధాత కరువు వచ్చినది. 1878 వఱకును దక్షిణదేశమున 50 లక్షలకు పైగా జనులు మరణించిరి. కర్నూలు, బళ్ళారి, కడప ప్రాంతములు మిక్కిలి దెబ్బతినెను. రైళ్ళు ధాన్యమును లోపలి ప్రాంతములకు చేర్చినవి. ఆ సహాయమును తక్కువచేసి చెప్పరాదు. కాని స్టేషనులో దిగిన ధాన్యము ఊరికి చేరుటకు బండి కావలెను, బండికి ఎద్దు కావలెను, ఎద్దునకు మేత కావలెను. మేత లేక ఎద్దులు పడిపోయెను. స్టేషనులో బస్తాలుండగా ఇరువది మైళ్ళ దూరమున జనులు ఆకలితో పడియుండుట ఆ కాలపు విషాదములలో నొకటి. కాలువలున్న కృష్ణా, గోదావరీ డెల్టాలు ఆ కరువులో పండినవి. ఇతర ప్రాంతములకు ధాన్యము పంపినవి.

1878లో, 75 సంవత్సరముల వయస్సున, కాటన్ పార్లమెంటు సంఘము యెదుట నిలచెను. దేశమునకు కావలసినది నీటి రవాణా యనియు, రైళ్ళు వలసినంత చవుకగాను వలసినంత విరివిగాను మోయలేకున్నవనియు, వానిని పోషించుటకు ఏటేట 30 లక్షల పౌన్లు ఖజానానుండి పోవుచున్నవనియు, ఓడకాలువలకు రైళ్ళ ఖర్చులో ఎనిమిదవ వంతు చాలుననియు ఆయన చెప్పెను. లార్డ్ జార్జి హామిల్టను అధ్యక్షతను గల ఆ సంఘము ఆయన వాదమును త్రోసిపుచ్చెను. కాలువ కంపెనీల నష్టములు ఆయన ముందుంచబడెను. ఎనిమిదవ వంతు అను లెక్క అన్ని ప్రాంతములకును నిలచునది కాదు. గోదావరి డెల్టాలో సాధ్యమైనదానిని దేశమంతటికిని సాధ్యమని ఆయన భావించెను. తన విజయమును చూచియే పొరపడుట గొప్ప సలహాదారులకు తఱచుగా కలుగు ప్రమాదము.

అయినను ఆయన ప్రశ్న నశింపలేదు. 1900 వఱకును రైళ్ళపై సుమారు 22 కోట్ల 50 లక్షల పౌన్లు ఖర్చైనదనియు, అందువలన ఇండియా పన్నుదారునకు 4 కోట్ల పౌన్ల నష్టము కలిగినదనియు, సేద్యపు నీటిపనులపై పెట్టినది 2 కోట్ల 50 లక్షల పౌన్లు మాత్రమే యనియు రమేశచంద్ర దత్తు తన ఆర్థిక చరిత్రలో లెక్కగట్టెను. కాలువలు దేశమంతటను సాధ్యము కాకున్నను, ఆ రెండు మొత్తముల నడుమ అంత దూరము ఉండవలసిన పనియు లేదు.

కాటన్ 1899 జూలై 24వ తేదీన, 96వ యేట, డార్కింగు పట్టణమున మరణించెను. కడపటి సంవత్సరములలో సైతము తన తోటలో లోతుదుక్కి సేద్యమును పరీక్షించుచుండెను. మఱునాటి యేడు, 1900లో, రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలు వంతెన తెఱవబడెను. కాలువ పడవలు వెంటనే నిలిచిపోలేదు. 20వ శతాబ్ది ప్రథమార్ధమంతయు డెల్టాలో ధాన్యమును మోసినవి. పాతూరివారి పుస్తకములను మోసినవి. తరువాత లారీలు వచ్చెను. కాలువలపై తక్కువ యెత్తున వంతెనలు పడెను. పూడిక తీయుట, లాకుల మరమ్మతు తగ్గెను. ధవళేశ్వరపు పాత ఆనకట్టకు బదులుగా నిర్మించిన బ్యారేజి 1982లో పూర్తియై కాటన్ పేరు ధరించినది. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగములతో కలిపి, 1,078 కిలోమీటర్ల నాల్గవ జాతీయ జలమార్గముగా పార్లమెంటు ప్రకటించెను. 2016 నాటి చట్టమున దానిని మఱింత పొడిగించెను. నూటయేబది సంవత్సరముల క్రిందటి సలహా చట్టపుస్తకములోనికి ఎక్కినది. చట్టపుస్తకమునుండి నీటిలోనికి దిగుటకు పూడిక తీయవలెను, వంతెనలు ఎత్తవలెను, దానికి ధనము కావలెను. అనగా కాటన్ నాటి మూడు ప్రశ్నలు మరల వచ్చినవి.

రోడ్ల విషయమునను ఆ ప్రశ్నలే. 1929లో పెట్రోలుపై సుంకము వేసి కేంద్ర రోడ్డు నిధిని ఏర్పఱచిరి. వాడుకొనువాడే ఖర్చు భరింపవలెనను నియమము అందున్నది. 2000వ సంవత్సరము డిసెంబరు 25న ఆరంభమైన గ్రామీణ సడక్ యోజన, రోడ్డు లేని పల్లెలకు పక్కారోడ్డు వేయుటకు ఉద్దేశింపబడినది; టోలు వసూలు కాని యూరికి ప్రభుత్వమే భరింపవలెనను నియమము అందున్నది. జాతీయ రహదారులలో 2016 మొదలుకొని వచ్చిన ఒక పద్ధతి ప్రకారము, నిర్మాణకాలమున ఖర్చులో నూటికి 40 వంతులు ప్రభుత్వమిచ్చి, తక్కిన మొత్తమును కంట్రాక్టరుకు వాయిదాలపై చెల్లించును. బండ్లు తక్కువగా నడచిన నష్టము కంట్రాక్టరుపై పడదు. వీనిలో ఏది యెచ్చట మంచిదో ఒక్కమాటలో తేల్చుట సాధ్యము కాదు. ప్రతి పథకమునందును పూచీ యొకటి దాగియుండును. ఆ పూచీ ఎవరిదో కాగితమును తిరగవేసి చూడవలెను.

ఒక ఊరికి వంతెన వచ్చుచున్నదని, రేవు వచ్చుచున్నదని, పెద్దరోడ్డు వచ్చుచున్నదని విన్నప్పుడు గ్రామస్థులు సంతోషింతురు, సంతోషింపవలసినదే. దానితోపాటు రెండు ప్రశ్నలు అడుగుట అలవాటు చేసికొనవలెను. ఊరిలోకెల్ల బీదవాని బస్తాను ఇది ఎంత కూలికి మోయును? అనుకొన్నంత రాబడి రానిచో ఆ లోటును ఎవరు కట్టుకొందురు? మొదటి ప్రశ్నను దేశమునకు నేర్పినవాడు కాటన్. రెండవ ప్రశ్నను నేర్పినది ఆయన కంపెనీకి కర్నూలులో కలిగిన పరాజయము.

ఈ ప్రశ్నలకు జవాబులు బహిరంగసభలలో దొరకవు. నివేదికలలో, పద్దులలో, సంఘముల సాక్ష్యములలో, ఎవరును తెఱవని లావుపాటి సంపుటములలో దొరకును. అట్టి సంపుటములను కొని, భద్రపఱచి, కోరినవాని చేతికి ఇచ్చునది గ్రంథాలయము. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున ఆ పని జరుగుచున్నది. వచ్చు ఇరువదియైదు సంవత్సరములలో ఈ బీరువాలలో కథలకును కావ్యములకును ప్రక్కన, ఊరి కాలువ నకళ్ళకును, జిల్లా రోడ్ల లెక్కలకును ఒక అర కేటాయింపబడినచో, నాడు పడవపై పుస్తకములు పంపినవారి శ్రమ సార్థకమగును.